తెల్ల కర్రకు ఏ జిగురు మేలు?

ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద వెన్నలా తెగుతుంది. కానీ పాలమీగడ రంగు కావడంతో ఏ మచ్చనూ దాచుకోదు. ఆ కర్రతో భరిణె చేస్తూ, అంచున కనిపించిన సన్నని బీటలో రెండు చుక్కల సూపర్ గ్లూ వేశాను. బీట మూసుకుంది. పాలిష్ పూయగానే దాని చుట్టూ రూపాయి బిళ్లంత నల్లని నీడ తేలింది. ఉప్పుకాగితం అరిగింది గానీ నీడ పోలేదు.

పల్చటి సూపర్ గ్లూ నీళ్లలా పారుతుంది. అడ్డంగా తెగిన చోట కర్రలోని సన్నని గొట్టాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి కదా, అందులోకి లోతుగా దిగి గట్టిపడుతుంది. ఇక అక్కడ పాలిష్ ఇంకదు. త్వరగా ఆరడానికి కొట్టే స్ప్రే ఎక్కువైతే తెల్లటి నురగ అదనం.

తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది) చిక్కన, అంత లోతుకు పోదు. దాని మరక వేరు: జిగురు అంటిన చోట రంగు పట్టక పాలిపోయినట్టు ఉంటుంది. బల్లలు చేసే వడ్రంగికి ఇది బెడదే. లేత్ పనిలో అతుకు ఆరాక ఎలాగూ పైపొర ఉలికి తెగిపోతుంది కాబట్టి మనకు అంత బాధ లేదు. పొంగిన జిగురును తడిగుడ్డతో తుడిస్తే మాత్రం చుట్టూ పులుముకుంటుంది. రబ్బరులా అయ్యేదాకా ఆగి గీకేయాలి.

రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు ఖాళీలు నింపడంలో మేటి, కాకపోతే అతుకు గీత ముదురుగా కనిపిస్తుంది. టేకు, ఇరుగుడు లాంటి ముదురు కర్రలకు సరే.

అతుకును బిగించి పట్టే ఇనుప క్లాంపు ఆనిన చోట నీలి నలుపు మరక వస్తే జిగురును మార్చి లాభం లేదు. జిగురులోని తడి, ఇనుము, కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం కలిస్తే వచ్చే రంగు అది. తోళ్లు ఊనడానికి బెరడు వాడే నల్లతుమ్మ లాంటి కర్రలతో మరీ జాగ్రత్త. క్లాంపు కింద ప్లాస్టిక్ ముక్క పెడితే చాలు. మరక పడితే ఆక్సాలిక్ ఆమ్లం తీస్తుంది. అది విషం, చేతికి తొడుగు వేసుకోవాలి.

నా వరకు లేత రంగు కర్రను అతకడానికి తెల్ల జిగురే మేలు, రాత్రంతా ఆగాల్సి వచ్చినా సరే. బీటలకు చిక్కటి సూపర్ గ్లూ వాడతాను, అదీ జిగురు ఇంకకుండా చుట్టూ షెల్లాక్ (లక్క పాలిష్) పూసి ఆరనిచ్చాకే. పాలిష్‌కు ముందు ఒకసారి స్పిరిట్‌తో తుడిచి చూడండి. దాగిన జిగురు మచ్చలు తడిలో బయటపడతాయి, అప్పటికింకా ఉలి మీ చేతిలోనే ఉంటుంది.