పాత 486కి డిస్క్ కంట్రోలర్ మార్చాక మూడేళ్లు

హనుమకొండ చౌరస్తా దగ్గర మా బాపు నడిపిన డీటీపీ షాపులోని 486 కంప్యూటర్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పెళ్లి పత్రికలు, మేడారం జాతర కరపత్రాలు అన్నీ అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 5లో చేసినవే. అప్పటి తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ప్యారలల్ పోర్టుకు (ప్రింటర్ తగిలించేది) లాక్ అనే చిన్న ప్లగ్ తగిలిస్తేనే తెరుచుకుంటుంది. అందుకే ఆ సిస్టమ్‌ను వదులుకోలేను. 420 ఎంబీ హార్డ్ డిస్క్ గరగరలాడటం మొదలయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది.

మొదట ఒక సెకండ్‌హ్యాండ్ వెసా లోకల్ బస్ కంట్రోలర్ కొన్నాను, అంటే 486ల్లోని వేగమైన పొడవు స్లాట్‌లో పెట్టే, డిస్క్‌ను నడిపే కార్డు. వేగం నిజంగానే పెరిగింది. కానీ అంత పొడవు కార్డు స్లాట్‌లో గట్టిగా కూర్చోదు, సిస్టమ్ కాస్త కదిలితే డిస్క్ మాయమయ్యేది. దానికి సొంత బయోస్ (ఆన్ చేయగానే డిస్క్‌ను గుర్తించే చిప్‌లోని ప్రోగ్రామ్) కూడా లేదు. డిస్క్‌ను కొలిచే లెక్కలో 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, అంటే 504 ఎంబీ దాటి మా పాత బయోస్ చూడలేదు. ఆరు నెలలకు తీసేశాను.

అసలు మేలు చేసింది ఎక్స్‌టీ-ఐడీఈ యూనివర్సల్ బయోస్, పాత సిస్టమ్‌కు పెద్ద డిస్కులు కనపడేలా చేసే అదనపు బయోస్. ఇది ఉచితం. ఈప్రామ్ అనే మెమరీ చిప్‌లో రాసి, పాత ఐఎస్ఏ (పాత రకం స్లాట్) నెట్‌వర్క్ కార్డులో ఖాళీగా ఉండే బూట్ రోమ్ సాకెట్లో పెట్టాను. డిస్క్ తగిలించే ఐడీఈ పోర్టు మళ్లీ పాత మల్టీ ఐ/ఓ కార్డుదే, ప్యారలల్ పోర్టు కూడా అందులోదే, కాబట్టి లాక్ తగిలించే ప్యారలల్ పోర్టు జోలికి పోనక్కర్లేదు.

మొదటిసారి ఏమీ కనపడలేదు. రెండు సాయంత్రాలు కేబుళ్లు, జంపర్లు మారుస్తూ కూర్చున్నాను. తప్పు చెక్‌సమ్‌లో (రాసింది సరిగా ఉందో చూసే సరిచూపు సంఖ్య) ఉంది: సెట్టింగులు మార్చాక దాన్ని మళ్లీ లెక్కించకుండానే చిప్‌లో రాశాను. చెక్‌సమ్ కలవకపోతే మదర్‌బోర్డు బయోస్ ఆ రోమ్‌ను పట్టించుకోదు. ఎక్స్‌టీ-ఐడీఈతో వచ్చే కాన్ఫిగరేషన్ ప్రోగ్రామ్‌తోనే సేవ్ చేయండి, ఈ బాధ ఉండదు. మదర్‌బోర్డు సెటప్‌లో హార్డ్ డిస్క్‌ను 'లేదు' అని పెట్టాలి.

ఇప్పుడు హార్డ్ డిస్క్ బదులు నడుస్తున్నది 4 జీబీ సీఎఫ్ (కాంపాక్ట్ ఫ్లాష్) మెమరీ కార్డు, డాస్ 6.22లో రెండు పార్టిషన్లుగా. చప్పుడు లేదు. విండోస్ 3.1లో బయోస్‌ను దాటి డిస్క్‌ను నేరుగా నడిపే 32-బిట్ డిస్క్ యాక్సెస్ మాత్రం ఆపేయాల్సి వచ్చింది. వెసా కార్డు వేగం దీనికి లేదు, పెద్ద పేజీ సేవ్ అయ్యేటప్పుడు అది తెలుస్తుంది.

సీఎఫ్ కార్డులన్నీ ఒకేలా ఉండవు. నేను కొన్న మూడింటిలో ఒకటి బూట్ కానే లేదు. మిగతా రెండింటిలో ఒకటి సిస్టమ్‌లో ఉంటే, రెండోది దాని కాపీతో బీరువాలో ఉంటుంది.