నుంగంబాక్కంలో రెండు సాయంత్రాలు, ఒక లాడ్జి

చెన్నై నుంచి నెల్లూరు తిరిగి వచ్చి రెండు వారాలయింది. ఆ లాడ్జి మీద కోపం ఇంకా చల్లారలేదు. ఆదివారం సాయంత్రం చూసిన ఫైనల్ ఇంకా కళ్ళ ముందు నుంచి కదలలేదు. చెన్నై ఓపెన్ మహిళల టెన్నిస్ చూడటానికి ముందుముందు వెళ్ళాలనుకునే కుటుంబాలకు మా అనుభవం పనికొస్తుందని, మేము చేసిన పొరపాటు వాళ్ళు చేయకూడదని రాస్తున్నాను.

వెళ్ళింది ముగ్గురం: నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా బాబాయి. అమ్మాయి నాలుగేళ్ళుగా టెన్నిస్ నేర్చుకుంటోంది. బాబాయి ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్న రోజుల్లో, 2005 ఫిబ్రవరిలో, హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొందరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచినప్పుడు, స్టాండులో కూర్చుని చూసిన మనిషి. 2008లో సెరీనా విలియమ్స్ గెలిచిన బెంగళూరు ఓపెన్ తరువాత డబ్ల్యూటీఏ టూర్ టోర్నమెంటు మళ్ళీ మన దేశానికి రావడానికి 14 ఏళ్ళు పట్టింది. అది మాకు రైల్లో మూడు గంటల దూరంలోనే జరుగుతోందని తెలియగానే, మోకాలి నొప్పిని కూడా పక్కన పెట్టి అందరికంటే ముందు తయారైంది ఆయనే.

టోర్నమెంటు 2022 సెప్టెంబర్ 12 నుంచి 18 వరకు జరిగింది. "మొదటి రోజు నుంచే పోదాం నాన్నా" అని అమ్మాయి పట్టుబట్టింది. పనిదినాల్లో సెలవు దొరకదు, పైగా అసలు ఆటంతా చివరనే ఉంటుంది కదా అని నేను శనివారం సెమీ ఫైనల్స్‌కూ ఆదివారం ఫైనల్‌కూ టికెట్లు తీసుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది. మన కర్మన్ కౌర్ థండి తొలి రౌండులో ఫ్రాన్స్ క్రీడాకారిణి క్లోయీ పాకేను మొదటి సెట్ కోల్పోయిన తరువాత కూడా 4-6, 6-4, 6-3తో ఓడించడం, రెండో రౌండులో 2014 వింబుల్డన్ రన్నరప్ యూజిని బూషార్‌కు రెండో సెట్ టై బ్రేక్ దాకా ఎదురు నిలవడం, ఇవన్నీ మేము నెల్లూరులో ఉండగానే జరిగిపోయాయి. రైలు ఎక్కేటప్పటికే అమ్మాయి ముఖం ముడుచుకుని ఉంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం హాయిగా సాగింది. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే స్టేడియం ఉన్న నుంగంబాక్కానికి మనిషికి 5 రూపాయలు. బయట ఆటోవాళ్ళు 250 అడిగారు. సామాను తక్కువగా ఉంటే లోకల్ రైలే మేలు.

ఇక లాడ్జి సంగతి. స్టేడియానికి కిలోమీటరున్నర దూరంలో ఉందని, ముగ్గురు పడుకునే గది అని చూసి ఆన్‌లైన్‌లో రెండు రాత్రులకు ముందే డబ్బు కట్టాను. రాత్రికి 1,800 చొప్పున 3,600, దాని మీద 12 శాతం జీఎస్టీ 432, మొత్తం 4,032 రూపాయలు. పన్ను కూడా చెల్లించినట్టు రసీదులో స్పష్టంగా ఉంది. కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడి గుమాస్తా రిజిస్టరు తిరగేసి, ఆ ధర ఇద్దరికేనని, మూడో మనిషికి రాత్రికి 600 చొప్పున 1,200 అదనమని అన్నాడు. రసీదులో 'ముగ్గురు' అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాను. అతను చూడనైనా చూడలేదు. పైగా జీఎస్టీ ఇక్కడ వేరుగా కట్టాలంటూ 432 మళ్ళీ అడిగాడు. కట్టిన పన్నునే రెండోసారి ఎందుకు కట్టాలని అడిగితే, ఇష్టం లేకపోతే వేరే చోటు చూసుకోమన్నాడు. శనివారం మధ్యాహ్నం, బయట ఉక్కపోత, పక్కన మోకాలు పట్టుకుని కూర్చున్న పెద్దాయన, ఆటకు మిగిలింది మూడు గంటలు. ఇటువంటి సమయం చూసే వాళ్ళు అడుగుతారు. 1,632 రూపాయలు కట్టాను. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇమ్మంటే మేనేజరు వచ్చాక ఇస్తామన్నారు.

గదిలోకి వెళ్ళాక బాబాయి చుట్టూ చూసి, "ఏంది అబ్బయా, ఈ గదికి కిటికీ కూడా లేదే" అన్నారు. నిజంగానే లేదు. ఫొటోలో కిటికీలా కనిపించినది గోడకు తగిలించిన పరదా. అమ్మాయి దాన్ని పక్కకు లాగితే వెనుక చెమ్మకు ఉబ్బి పెచ్చులూడుతున్న సున్నం గోడ ఉంది. ఏసీ నుంచి కారే నీళ్ళు పడటానికి మంచం కాళ్ళ వైపు ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి ఉంచారు. రాత్రంతా ఆ చుక్కల చప్పుడే. మూడో పరుపు కోసం రెండుసార్లు కిందికి వెళ్ళి అడిగితే పదకొండు గంటలకు ఒక పలచని బొంత తెచ్చి పడేశారు. 600 రూపాయలు దానికే. బాబాయిని మంచం మీద పడుకోబెట్టి నేను కింద పడుకున్నాను. ఆయన నాకోసమే ఏమీ అనకుండా ఊరుకున్నారు, అది నన్ను ఇంకా బాధపెట్టింది.

శనివారం సాయంత్రం స్టేడియంలో అడుగు పెట్టగానే ముగ్గురికీ ప్రాణం లేచి వచ్చింది. 1995 దక్షిణాసియా క్రీడల కోసం కట్టిన స్టేడియం అది. 2017 దాకా పురుషుల చెన్నై ఓపెన్ ఇక్కడే జరిగేది. సెంటర్ కోర్టు చుట్టూ దాదాపు 5,800 సీట్లు ఉంటాయి కాబట్టి, ఎక్కడ కూర్చున్నా కోర్టు దూరమనిపించదు. టీవీలో చూసినప్పుడు బంతి వేగం మనకు సగమే తెలుస్తుంది. ఇక్కడ బంతి తీగలకు తగిలిన చప్పుడు, బూట్లు గట్టి కోర్టు మీద కీచుమని ఆగడం, సర్వీసుకు ముందు క్రీడాకారిణి బంతిని నేలకు కొట్టే లెక్క, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. మా అమ్మాయి ఆ లెక్కను నోట్లోనే పలుకుతూ కూర్చుంది.

అయితే ఆ సాయంత్రం ఆట మాకు దక్కలేదు. పోలండ్ క్రీడాకారిణి మాగ్దా లినెట్, బ్రిటన్‌కు చెందిన కేటీ స్వాన్ మీద 3-0 ఆధిక్యంలో ఉండగా స్వాన్ గాయం వల్ల తప్పుకుంది. మూడంటే మూడు గేములు. మరో సెమీ ఫైనల్లో అర్జెంటీనా క్రీడాకారిణి నాదియా పొడొరోస్కా తొలి సెట్ 7-5తో గెలిచి, రెండోది 2-6తో కోల్పోయి, పోరు మూడో సెట్లో తేలుతుందని మేము ముందుకు వంగి కూర్చున్న సమయంలో ఆమె కూడా గాయంతో ఆట విరమించింది. రెండు మ్యాచులూ అసంపూర్తిగానే మిగిలాయి. ఆ క్రీడాకారిణులను తప్పుపట్టలేను. న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ ముగిసిన మరుసటి రోజే ఇక్కడ టోర్నమెంటు మొదలైంది. సీజన్ చివరి నెలలు, గట్టి కోర్టులు, చెన్నై సెప్టెంబర్ ఉక్క. శరీరాలు అక్కడే మొరాయిస్తాయి. కాని అమ్మాయి మాత్రం, "కర్మన్ ఆట మూడు సెట్లు చూసేవాళ్ళం కదా" అన్న ఒక్క మాట అని, లాడ్జికి చేరేదాకా నోరు విప్పలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం ఉదయం మైలాపూరు కపాలీశ్వరుడి దర్శనం ప్రశాంతంగా జరిగింది. మధ్యాహ్నం ఎగ్మూరు దగ్గర ఒక చిన్న మెస్సులో 110 రూపాయలకు అరిటాకు భోజనం చేశాము. వడ్డించే పెద్దాయన మా మాట విని తెలుగులోకి మారి, బాబాయికి అడగకుండానే రెండోసారి వత్తకుళంబు పోసి, "నెమ్మదిగా తినండి సార్, తొందరేముంది" అన్నారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి మాతో ఎవరైనా ఆదరంగా మాట్లాడటం అదే మొదలు. బాబాయి ముఖంలో నవ్వు కనిపించింది.

ఫైనల్ లినెట్‌కూ చెక్ దేశపు లిండా ఫ్రువిర్తోవాకూ మధ్య. ఒకరికి ముప్ఫై ఏళ్ళు, మరొకరికి పదిహేడు. మొదటి సెట్ 6-4తో లినెట్‌ది, రెండోది 6-3తో ఫ్రువిర్తోవాది. మూడో సెట్లో లినెట్ 4-1కి వెళ్ళేసరికి మా వరుసలో కొందరు రద్దీకి ముందే బయటపడదామని లేచారు. నేను కూడా బాబాయి మోకాలు గుర్తొచ్చి, వెళదామా అని అడిగాను. ఆయన నా మోచేయి పట్టి కూర్చోబెట్టారు. "అబ్బయా, హైదరాబాదులో సానియా కూడా రెండో సెట్ పోగొట్టుకునింది. మూడో సెట్ అయ్యేదాకా లేవకూడదు" అన్నారు.

అక్కడి నుంచి ఫ్రువిర్తోవా వరుసగా ఐదు గేములు గెలిచింది. ఒక్కొక్క గేమ్ గెలిచేకొద్దీ స్టాండులో శబ్దం పెరుగుతూ వచ్చింది. లేచిన వాళ్ళు మెట్ల మీదే నిలబడిపోయారు. 4-4 దగ్గర అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగుతున్నా విడిపించుకోలేదు. 4-6, 6-3, 6-4. పదిహేడేళ్ళ పిల్లకు అది తొలి డబ్ల్యూటీఏ టైటిల్. ఆమె 2005 మే నెలలో పుట్టిందని అమ్మాయి ఫోనులో చూసి చెప్పగానే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను సానియా గెలుపు చూసే నాటికి ఈ బిడ్డ ఇంకా పుట్టనే లేదు" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

డబుల్స్ ఫైనల్ ఎవరూ వదులుకోకండి. కెనడాకు చెందిన గాబ్రియెలా దబ్రోవ్‌స్కీ, బ్రెజిల్‌కు చెందిన లూయీజా స్తెఫానీ 6-1, 6-2తో గెలిచారు. ఏడాది కిందట యూఎస్ ఓపెన్ సెమీ ఫైనల్లో ఇదే దబ్రోవ్‌స్కీ పక్కన ఆడుతూ మోకాలి లిగమెంటు తెగి పడిపోయిన స్తెఫానీ, మళ్ళీ కోర్టులోకి వచ్చి ఆడిన మొదటి టోర్నమెంటు ఇదే. మా అమ్మాయికి సింగిల్స్ కప్పు కంటే ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

మళ్ళీ వెళితే ఏం చేస్తానో చెబుతాను. ఇది 32 మంది సింగిల్స్ ఆడే 250 స్థాయి (డబ్ల్యూటీఏ టూర్‌లో అన్నిటికంటే చిన్న స్థాయి) టోర్నమెంటు. మొదటి మూడు రోజుల్లో ఒక్క టికెట్టు మీద ఐదారు మ్యాచులు చూడవచ్చు, మనవాళ్ళు ఆడేది కూడా అప్పుడే. సోమవారం, మంగళవారం సెలవు పెట్టి వెళ్ళండి. ఒక ఆట మధ్యలో ఆగిపోయినా ఇంకొకటి ఉంటుంది. సీటు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనుక, నాలుగైదు వరుసల పైన తీసుకోండి. పక్క సీట్లలో మెడ నొప్పి తప్ప బంతి తిరిగే కోణం కనబడదు. లాడ్జి స్టేడియం దగ్గరే ఉండాలని పట్టుబట్టకండి. 5 రూపాయల రైలు ఉండగా ఎగ్మూరులో గది చూసి, పరుపు తాకి, బిల్లు ఎలా ఇస్తారో అడిగి దిగడం మంచిది.

మా ఆరు టికెట్లకు అయిన ఖర్చు, ఆ లాడ్జికి మేము కట్టిన 5,664 రూపాయల్లో సగం కూడా కాదు. సోమవారం గది ఖాళీ చేసేటప్పుడు కూడా మేనేజరు రాలేదు, బిల్లు ఇవ్వలేదు. తెల్ల కాగితం మీద 1,632 అని రాయించి, గుమాస్తా సంతకం పెట్టించే దాకా అమ్మాయి కౌంటర్ దగ్గర నుంచి కదలలేదు. ఆ కాగితం, రసీదు, పరదా వెనుక గోడ ఫొటో జతచేసి గది బుక్ చేసిన సంస్థకు ఫిర్యాదు పంపాను. ఎనిమిది రోజులకు 432 రూపాయలు ఖాతాలో పడ్డాయి. 1,200 కోసం మూడో ఉత్తరం నిన్ననే పంపాను.