అండం పొర టీకా, హార్మోన్ టీకా, ఆపరేషన్: జంతువుల సంతాన నియంత్రణకు ఏది మేలు?

అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే ప్రోటీన్ల పొర ఉంటుంది. వీర్యకణం లోపలికి వెళ్లాలంటే ముందు దానికి అతుక్కోవాలి. కబేళాల్లో దొరికే పంది అండాశయాల నుంచి ఆ పొరను తీసి ఆడ గుర్రానికి టీకాగా ఇస్తే, ఒంట్లో పుట్టే యాంటీబాడీలు గుర్రం సొంత అండాలను కూడా కప్పేస్తాయి. వీర్యకణానికి ఇక చోటు దొరకదు. హార్మోన్ల జోలికి పోదు కాబట్టి గుర్రం ఎప్పటిలాగే ఎదకు వస్తుంది, జత కడుతుంది, చూలు మాత్రం నిలవదు.

అమెరికా తూర్పు తీరంలోని అసటీగ్ దీవిలో అడవి గుర్రాల మీద 1988లో దీన్ని పరీక్షించారు. 1994లో మందను అదుపు చేసే పద్ధతిగా దీన్ని వాడడం మొదలుపెట్టారు. పట్టుకోనక్కర్లేదు, దూరం నుంచి టీకా నింపిన సూది బాణం (డార్ట్) వేస్తారు. చూడి గుర్రానికి తగిలినా కడుపులో పిల్లకు ప్రమాదం లేదు. ఇక్కడో తమాషా జరిగింది. ఈనడం, పాలివ్వడం అనే భారం తగ్గేసరికి ఆడ గుర్రాల ఆయుష్షు పెరిగింది. పుట్టుకలు పడిపోయినా మంద మాత్రం నెమ్మదిగానే తగ్గింది. త్వరగా ఫలితం కావాలనుకునే అధికారికి ఇది నచ్చకపోవచ్చు. నాకైతే లోపంగా తోచదు.

రెండోది గోనాకాన్ అనే హార్మోన్ టీకా. సంతానోత్పత్తిని నడిపించే మెదడు హార్మోన్‌నే ఇది అడ్డుకుంటుంది, దాంతో అండాశయం పని ఆపేస్తుంది. అమెరికాలో 2009లో ఆడ జింకలకు అనుమతి వచ్చింది. జింకల విషయంలో నా ఓటు దీనికే. అండం పొర టీకా వేసిన జింక చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వస్తుంది, జత కట్టే కాలం సాగిపోతుంది, మగవాటి పరుగులూ ఆగవు. గుర్రాలకు మాత్రం మొదటిదే మేలు, ఏటా బూస్టర్ వేసే ఓపిక ఉంటే.

మరి ఆడవాళ్లకో? ఎలుకల్లో అండం పొర టీకా అండాశయానికి వాపు తెచ్చిన దాఖలా ఉంది. పిల్లలు వద్దనుకోవడం వేరు, అండాశయమే దెబ్బతినడం వేరు. ఢిల్లీలో శాస్త్రవేత్త తల్వార్ బృందం వేరే దారి పట్టింది. గర్భం నిలబెట్టే హెచ్‌సీజీ హార్మోన్‌పై టీకా చేసి 1994లో ఫలితాలు ప్రకటించింది. 148 మందిలో 119 మందికి చాలినన్ని యాంటీబాడీలు వచ్చాయి. ఆ రక్షణ ఉన్న 1,224 నెలసరి చక్రాల్లో ఒక్కటే గర్భం. గొప్ప ఫలితమే, కానీ ఐదుగురిలో ఒకరికి టీకా చాలలేదు. ఆ టెన్షన్ లేని కాపర్-టీ అందుబాటులో ఉండగా టీకా కోసం చూడాల్సిన పని లేదు.

తెలంగాణలో కోతుల బెడదకు నిర్మల్‌లో 2020 డిసెంబరులో కేంద్రం పెట్టి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఇక్కడ నేను ఆపరేషన్ వైపే. ఊళ్లమీద తిరిగే గుంపులో ఏ కోతికి డార్ట్ తగిలిందో, బూస్టర్ దేనికి వేయాలో గుర్తుపట్టడం కష్టం. ఎలాగూ పట్టాల్సిందే కాబట్టి ఒక్కసారితో తేలిపోయేదే నయం. అదీ ఆడ కోతులకు చేయాలి. మగవాటికి చేసుకుంటూ పోతే, తప్పించుకున్న ఒక్క మగకోతి చాలు.