బ్యాంకాకా, హనోయా: మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏది మేలు?

సెలవులకి ఎక్కడికెళ్దాం అని ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా ఈ మధ్య రెండు ఊళ్ల పేర్లే ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఒకటి థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్, రెండోది వియత్నాం రాజధాని హనోయి. రెండూ మనకి దగ్గరే, రెండూ మధ్యతరగతి బడ్జెట్‌కి అందేవే, అందుకే తేల్చుకోలేక నన్ను అడిగేవాళ్లు చాలామంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్తుంటే బ్యాంకాక్. కాళ్లలో ఓపిక ఉండి, ఒక ఊరు ఎలా బతుకుతుందో చూడాలని వెళ్తుంటే హనోయి. అయితే బ్యాంకాక్ విషయంలో ఒక షరతు ఉంది. మన ఏజెంట్లు అమ్మే ప్యాకేజీ పద్ధతిలో, పట్టాయాలో రెండు రాత్రులు, మిగతా రెండూ మాల్స్‌లో తిరిగేలా వెళ్తే మాత్రం ఆ ఊరిని చూడనట్టే లెక్క.

ఎందుకంటే బ్యాంకాక్‌లో మన పెద్దవాళ్లు చూడాల్సిన అసలు చోటు గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి. 1782లో మొదటి రాముడు అనే రాజు రాజధానిని చావో ఫ్రయా నది తూర్పు ఒడ్డుకి మార్చినప్పుడు మొదలైన కట్టడాలివి. బుద్ధుడి విగ్రహం చిన్నదే, 66 సెంటీమీటర్లు, ఎత్తున కూర్చోబెట్టి ఉంటుంది, ఏడాదికి మూడుసార్లు రుతువు మారినప్పుడు రాజు వచ్చి బట్టలు మారుస్తాడు. అందరూ అది చూసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నేను చెప్పేది గుడి చుట్టూ ఉన్న మండపం గోడల గురించి. అక్కడ 178 పెద్ద పెద్ద చిత్రాల్లో రామాయణం మొత్తం గీసి ఉంది, జనకుడికి నాగలిచాలులో సీత దొరకడంతో మొదలు. వాళ్ల కథ పేరు రామకియెన్, అందులో రావణుడు తోత్సకాన్, సీత ఆయన సొంత కూతురు, హనుమంతుడికేమో ఒక జలకన్యతో పెళ్లి, కొడుకు కూడా! ఇవన్నీ చెప్పి మా అమ్మతో ఆ గోడల వెంట నడిస్తే, ఒకచోట తెల్లటి హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్న బొమ్మ దగ్గర ఆవిడే ఆగిపోయి "ఇది మైరావణుడి కథ కదరా" అంది. నిజంగా అదే. వాళ్ల మైయరాప్ మన మైరావణుడే. మన చిన్నప్పుడు విన్న కథ వాళ్ల రాజుగారి గుడి గోడ మీద బంగారు రేకు అద్ది ఉంటే, ఆ అనుభవం ముందు ఏ మాల్ సరిపోతుంది చెప్పండి?

టికెట్ 500 భాట్లు, అంటే మన డబ్బుల్లో వెయ్యి రూపాయలు దాటుతుంది. ఎక్కువే, కానీ ఇవ్వొచ్చు. ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30కి టికెట్లు ఆపేస్తారు, తెరిచే వేళకే వెళ్లిపోతే ఎండ, జనం రెండూ తప్పుతాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. ఇంకో మాట, గేటు బయట ఎవరో చక్కగా తయారై వచ్చి "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, పండగ, నేను వేరే గుడి చూపిస్తాను" అని టుక్‌టుక్ ఎక్కించబోతాడు. వినొద్దు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల కొట్టు ముందో, సూట్లు కుట్టే కొట్టు ముందో ఆగుతుంది. నేరుగా గేటు దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి.

అక్కడి నుంచి నడిచేంత దూరంలో వాట్ ఫో అనే గుడి, అందులో 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు. ఆయన అరికాళ్ల మీద ముత్యపు చిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలు, వెనకవైపు గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు ఉంటాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ పోతే ఆ హాలంతా టంగుటంగుమని మోగుతూనే ఉంటుంది, పిల్లలకి భలే నచ్చుతుంది. పక్కనే రేవులో కొద్ది భాట్లిస్తే పడవ మీద అవతలి ఒడ్డున వాట్ అరుణ్ దగ్గర దింపుతారు. ఆ గోపురం దూరం నుంచి రాయిలా కనిపిస్తుంది గానీ దగ్గరికెళ్తే విరిగిన పింగాణీ పళ్లేల ముక్కలతో పూలూ ఆకులూ పేర్చి కట్టారని తెలుస్తుంది. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని కిందే కూర్చోబెట్టండి.

పెద్దవాళ్లకి బ్యాంకాక్ అని నేను గట్టిగా చెప్పడానికి రెండో కారణం ప్రయాణ సౌకర్యం. 1999లో మొదలైన స్కైట్రైన్, తర్వాత వచ్చిన మెట్రో, నది మీద పడవలు, ఈ మూడూ కలిపితే ఎండ తగలకుండా, ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఊరంతా తిరగొచ్చు. స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే పడవల రేవు, అక్కడ ఆరెంజ్ జెండా ఉన్న పడవ ఎక్కితే గుళ్లన్నీ దారిలోనే వస్తాయి. టూరిస్టు పడవ అని వేరే ఉంటుంది, దానికి చాలా ఎక్కువ తీసుకుంటారు, అదే నది, అవే రేవులు. సాయంత్రం నాలుగు దాటాక మాత్రం కారు ఎక్కకండి, మన పంజాగుట్ట కూడా నయమనిపిస్తుంది.

హనోయిలో ఈ సౌకర్యం లేదు. మెట్రో ఉంది, మొదటి లైను 2021లో, రెండోదాంట్లో కొంత భాగం 2024లో తెరిచారు, కానీ మనం తిరిగే పాత బస్తీకి అది పెద్దగా పనికిరాదు. అక్కడంతా నడకే. ఫుట్‌పాత్ మీద బైకులు నిలిపి ఉంటాయి, మిగిలిన జాగాలో ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని జనం తింటుంటారు, కాబట్టి మీరు రోడ్డు మీదే నడవాలి. రోడ్డు దాటడానికి ఒకటే సూత్రం. బైకుల గుంపు ఖాళీ అయ్యేదాకా ఆగితే సాయంత్రం దాకా ఆగాల్సిందే, అందుకని నెమ్మదిగా, ఒకే వేగంతో నడుచుకుంటూ పోవాలి, మధ్యలో ఆగకూడదు, వెనక్కి అడుగు అసలే వేయకూడదు, బైకులవాళ్లు మీ అడుగు చూసుకుని పక్కకి తప్పుకుంటారు. కార్లూ బస్సులూ తప్పుకోవు, వాటికి మీరే ఆగాలి. ఇది మూడుసార్లు చేస్తే అలవాటైపోతుంది, కానీ డెబ్భై ఏళ్ల నాన్నగారి చెయ్యి పట్టుకుని రోజుకి ఇరవైసార్లు చేయాలంటే ఇద్దరికీ టెన్షనే.

నడవగలిగినవాళ్లకి మాత్రం హనోయి ఇచ్చేది బ్యాంకాక్ ఇవ్వలేదు. 1010లో రాజధాని అయిన ఊరు, వెయ్యేళ్లు దాటినా పాత బస్తీలో ఇప్పటికీ ఒక్కో వీధికి ఒక్కో వృత్తి. హాంగ్ మా వీధిలో పూర్వీకుల కోసం కాల్చే కాగితపు వస్తువులు, హాంగ్ తియెక్ వీధిలో రేకు డబ్బాలు కొడుతున్న చప్పుడు, లాన్ ఓంగ్ వీధిలోకి అడుగు పెట్టకముందే మూలికల వాసన. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు, పొద్దున్నే ఆరింటికి లేచి నడిస్తే చాలు. ఆ వేళకి హోన్ కియెమ్ చెరువు చుట్టూ ముసలివాళ్లు వ్యాయామం చేస్తుంటారు. చెరువులో ఎర్ర వంతెన దాటితే ఒక గుడి, అందులో గాజు పెట్టెల్లో భద్రపరిచిన రెండు పెద్ద తాబేళ్ల కళేబరాలు. లె లోయ్ అనే రాజు చైనావాళ్లని తరిమేశాక ఆయన కత్తిని ఈ చెరువులోని తాబేలు తిరిగి తీసుకుందని కథ. అందుకే చెరువులో మిగిలిన ఆఖరి పెద్ద తాబేలు 2016 జనవరిలో చనిపోతే ఊరు ఊరంతా బాధపడింది.

నాకు హనోయిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు వాన్ మియెవ్, సాహిత్య మందిరం. 1070లో కన్ఫ్యూషియస్ పేర కట్టారు, ఆరేళ్లకి అక్కడే రాజుగారి విద్యాలయం పెట్టారు. లోపల తోటలో 82 రాతి పలకలు వరసగా రాతి తాబేళ్ల వీపు మీద నిలబడి ఉంటాయి. 1442 నుంచి 1779 దాకా రాజ్య పరీక్షల్లో పైస్థాయి ప్యాసైనవాళ్ల పేర్లు, సొంతూళ్లతో సహా వాటి మీద చెక్కించారు. మన కోచింగ్ సెంటర్ల ముందు ర్యాంకుల ఫ్లెక్సీల లాంటివే, కాకపోతే ఐదు వందల ఏళ్లు నిలిచినవి. పరీక్షలకి ముందు పిల్లలు వచ్చి ఆ తాబేళ్ల తలలు నిమిరి నిమిరి అరగదీస్తున్నారని ఇప్పుడు అడ్డంగా కంచె కట్టారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు.

హో చి మిన్ సమాధి మందిరం పొద్దున పూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాలు సెలవు, నిక్కర్లతో రానివ్వరు. ఫ్రెంచివాళ్లు కట్టిన హోవా లో జైలు చూడండి, మనసు బరువెక్కుతుంది కానీ చూడాలి. 1902లో తెరిచిన లాంగ్ బియెన్ వంతెన మీద సాయంత్రం నడవండి. అమెరికా విమానాలు ఎన్నోసార్లు బాంబులేసినా ప్రతిసారీ బాగుచేసుకుని వాడుకున్న వంతెన అది, ఇప్పటికీ రైలు వెళ్తుంది, కింద ఎర్రనది మధ్య లంకలో అరటితోటలు కనిపిస్తాయి.

ఇక తిండి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ భయపడతారు. ముక్క తినేవాళ్లే అయినా మనలో చాలామంది పంది, గొడ్డు మాంసం తినరు, హనోయిలో బజారు తిండి ఎక్కువగా ఆ రెండే. బున్ చా అంటే పందిమాంసం, ఫో అనే నూడుల్స్ సూప్‌లో మామూలుగా గొడ్డుమాంసం. కోడి కావాలంటే "ఫో గా" అని అడగాలి, గిన్నె యాభై, అరవై వేల డాంగ్‌లు, అంటే రెండు వందల రూపాయల చుట్టుపక్కలే. కారం తక్కువ, పక్కన పచ్చిమిర్చి ముక్కలు పెడతారు, వేసుకోవచ్చు. చేపలు తినేవాళ్లు చా కా మాత్రం వదలొద్దు. పసుపు పట్టించిన చేప ముక్కల్ని మన బల్ల మీదే పెనంలో వేయిస్తూ, మీద గుప్పెళ్లకొద్దీ సోయకూర, ఉల్లికాడలు వేసి, పల్లీలతో సన్న సేమ్యాలో కలిపి తింటారు. పసుపూ పల్లీ ఉన్న చోట మన నాలుకకి కొత్తేమీ ఉండదు, పక్కన పెట్టే రొయ్యల ముద్ద వాసన పడకపోతే ఫిష్ సాస్ ఇమ్మంటే ఇస్తారు. చివర్లో గుడ్డు కాఫీ. 1946లో పాలు దొరకని రోజుల్లో పాలకి బదులు గుడ్డు సొన గిలకొట్టి పోశారట. కప్పుని వేడినీళ్ల గిన్నెలో పెట్టిస్తారు, చల్లారితే నీచు వాసన వస్తుంది కాబట్టి వెంటనే తాగేయాలి.

పూర్తి శాకాహారులకి బ్యాంకాకే మేలు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని ఉన్న కొట్లలో మాంసం, గుడ్డు, ఫిష్ సాస్‌తో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, కాబట్టి మడిగా తినేవాళ్లకి కూడా ఇబ్బంది లేదు. భారతీయుల బజారు పాహురాత్ వైపు మన రోటీ, పప్పు దొరికే హోటళ్లు కూడా ఉన్నాయి. వియత్నాంలో శాకాహారాన్ని "చాయ్" అంటారు, చాంద్రమానం ప్రకారం ఒకటో తేదీ, పదిహేనో తేదీ చాలామంది అదే తింటారు, ఆ హోటళ్లు ఉన్నాయి గానీ వెతుక్కోవాలి.

ఏ సెలవులకి వెళ్తారన్నది కూడా చూసుకోండి. సంక్రాంతికైతే బ్యాంకాక్, ఎండ తక్కువగా ఉండి హాయిగా ఉంటుంది. ఆ నెలలో హనోయిలో చలి, మబ్బు, సన్నటి తుంపర, గాలిలో కాలుష్యం కూడా ఎక్కువ, పైగా జనవరి చివర, ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండగ వస్తే కొట్లు మూసేస్తారు. దసరాకైతే హనోయి, అక్టోబర్, నవంబర్ ఆ ఊరికి బంగారం లాంటి నెలలు. అయితే విజయదశమి రాత్రి బ్యాంకాక్ సీలోం వీధిలో తమిళులు కట్టిన మారియమ్మ గుడి ఊరేగింపు కూడా చూడదగ్గదే. థాయ్‌వాళ్లు కూడా వీధి పొడవునా కొబ్బరికాయలు, పూలతో బల్లలు పెట్టి ఎదురుచూస్తారు. మే నెలలో రెండు చోట్లా మండిపోతుంది, తప్పదనుకుంటే ఏసీ రైళ్లున్న బ్యాంకాక్.

వీసా: థాయ్‌లాండ్ 2023 నవంబర్ నుంచి మనవాళ్లని వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది, ఈ నిబంధనలు మారుస్తుంటారు కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి. డిజిటల్ అరైవల్ కార్డు అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైట్లు దొంగవి. వియత్నాంకి ఈ-వీసా కావాలి, ఒకసారి వెళ్లిరావడానికి 25 డాలర్లు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట ఉంటాయి, అక్కడున్నది ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా ఎక్కించండి, లేకపోతే ఎయిర్‌పోర్టులోనే గొడవ. ఖర్చు హనోయిలోనే తక్కువ, గదైనా తిండైనా. నోట్లు మాత్రం జాగ్రత్త, 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలమే, రాత్రిపూట ట్యాక్సీలో ఒకటనుకుని ఇంకోటి ఇచ్చేస్తారు. పెద్ద నోటుని విడిగా పెట్టుకోండి, లేదా గ్రాబ్ అనే ట్యాక్సీ యాప్‌లో కార్డుతోనే కట్టేయండి.

రెండూ చూడాలనుకుంటే, వారం సెలవుంటే చూడొచ్చు, ఈ ఊరి నుంచి ఆ ఊరికి విమానంలో సుమారు రెండు గంటలే. ముందు హనోయి పెట్టుకోండి, కాళ్లలో బలం ఉన్నప్పుడే ఆ నడక అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి హోన్ కియెమ్ చుట్టూ వాహనాలు ఆపేసి జనాన్నే తిరగనిస్తారు, అది చూసి శనివారం పొద్దున విమానం ఎక్కితే, ఆదివారం బ్యాంకాక్‌లో చతుచక్ వారాంతపు సంత దొరుకుతుంది. కొనాల్సినవన్నీ అక్కడే కొనండి, హనోయి నుంచి బరువు మోసుకుంటూ రావద్దు.