ఎంవీపీ కాలనీలో ఆడవాళ్ళ జిమ్: బరువులెత్తడానికి చేరండి, ప్యాకేజీ మాత్రం కొనకండి

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకు నాలుగడుగుల దూరంలో, మేడ మీద ఉన్న ఆడవాళ్ళ జిమ్ ఎలా ఉందని మా స్కూల్లో టీచర్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే రాసేయడం నయం. పేరు రాయను. అక్కడ మంచి కోచ్ ఉంది, నాకు అస్సలు నచ్చని వ్యాపారమూ ఉంది. ఇలాంటి జిమ్‌లు సీతమ్మధార నుంచి గాజువాక దాకా ఉన్నాయి కాబట్టి, ఏం చూసి చేరాలో తెలిస్తే చాలు.

నాకు 43 ఏళ్ళు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, చేరిన రోజున బరువు 71 కిలోలు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది, అంటే షుగర్ రావడానికి ముందు దశ.

బాగోలేనిది ముందు చెబుతాను. లోపలికి వెళ్ళగానే చెప్పులు విప్పించి ఒక మెషిన్ ఎక్కించారు. రెండు చేతులతో హ్యాండిల్స్ పట్టుకుంటే నిమిషంలో చీటీ వచ్చింది. కొవ్వు శాతం ఎర్రగీత దాటింది. అడుగున ‘శరీర వయసు 58’ అని ఉంది. కౌంటర్‌లో అమ్మాయి ఆ 58 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, వెనక నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా “మీ మీద మీకు శ్రద్ధే లేదు మేడమ్” అంది. వెంటనే ప్యాకేజీ కాగితం ముందుకు జరిపింది. 24,000 రూపాయలు కడితే నెలకు 8 కిలోలు గ్యారంటీ, పొట్టకు వేడి బెల్టు, నీళ్ళలో కలుపుకునే పొడి.

ఆ మెషిన్ ఒంట్లోకి అతి తక్కువ కరెంటు పంపుతుంది. నీరున్న కండలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ తేడాని బట్టి కొవ్వు ఎంతో అంచనా కడుతుంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగినా, చెమట కారినా, నెలసరి ముందు ఒళ్ళు నీరు పట్టినా అంకె మారిపోతుంది. మే నెల ఉక్కలో సిటీ బస్సు దిగి వచ్చిన మనిషిని ఎక్కించి, వచ్చిన అంకెను తీర్పులా చదవడం అన్యాయం. ‘శరీర వయసు’ చూసి ఏ డాక్టరూ మందు రాయరు.

ఇక 8 కిలోల గ్యారంటీ. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. 8 కిలోలంటే 61,600. ముప్ఫై రోజులకు పంచితే రోజుకు రెండు వేల పైచిలుకు లోటు పడాలి. నా ఎత్తుకు, బరువుకు, వయసుకు నేను రోజంతా ఖర్చు పెట్టేదే సుమారు 1,800. అంటే నెలంతా పచ్చి మంచినీళ్ళతో ఉన్నా నాకు 8 కిలోల కొవ్వు కరగదు. తూకంలో తగ్గినట్టు కనబడేది చాలావరకు నీరు, కండ. రోజుకు 550 కేలరీలు తగ్గించుకుంటే వారానికి అరకిలో, అది జరిగే పని. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేయగల ఈ లెక్క కౌంటర్ దగ్గర ఎవరూ వేసి చూపించరు.

బరువు సమస్యే కాదని నేను అనడం లేదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ సూత్రాన్ని 1830లలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే జనాభా సగటుల కోసం కట్టాడు. ఒక్క మనిషి ఆరోగ్యం తేల్చడానికి అది సరిపోదు. అయినా నాది 29.6. మామూలుగా ఊబకాయం గీత 30 అంటారు గానీ, మనవాళ్ళకు తక్కువ బరువుకే షుగర్ వస్తుంది కాబట్టి భారతీయులకు ఆ గీత 25 దగ్గరే పెట్టారు. ఆడవాళ్ళ నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు, నాది 92. థైరాయిడ్ వల్లే ఇదంతా అని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్పారు. మా డాక్టరమ్మ గారు ఒప్పుకోలేదు. థైరాయిడ్ తక్కువైతే పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పు, నీరేనన్నారు. మిగతాది నేను చూసుకోవలసిందే. ఆ మాట ఆవిడ తలుపు వేసిన గదిలో, రిపోర్టు చేతికిచ్చి, నెమ్మదిగా చెప్పారు. కౌంటర్ అమ్మాయి మాటకూ ఆవిడ మాటకూ తేడా నాకు అక్కడే తెలిసింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో బీఎంఐ 25 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్ళు దేశంలో 24 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. మన రాష్ట్రంలో ఇంతమందికి ఒక్కసారిగా శ్రద్ధ పోయిందా? ఐదింటికి లేచి మూడు టిఫిన్ బాక్సులు సర్ది, రాత్రి అందరూ తిన్నాక పదింటికి గిన్నెల్లో మిగిలిన అన్నం ఊడ్చి తినే మనిషికి శ్రద్ధ లేదంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు మా ఇంట్లో ఎనిమిదింటికే అందరం కలిసి తింటున్నాం, గిన్నెలు మా ఆయన తోముతారు. ఇదీ నా బరువు లెక్కలోదే.

ఇంకొక ఫిర్యాదు, ఇది పెద్దది. ‘ముందు, తర్వాత’ ఫోటోలంటూ గోడకు ఆనించి బిగుతు బట్టల్లో తీస్తారు. మా బ్యాచ్‌లో ఒకావిడ ఫోటోలో తల కనబడకుండా కత్తిరించి, ఆవిడని అడక్కుండా జిమ్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. చేతి గాజులు చూసి ఆవిడ తోడికోడలు గుర్తుపట్టేసింది. మేమంతా వెళ్ళి అడిగితే తీసేశారు గానీ, క్షమాపణ చెప్పలేదు.

ఇంత చెప్పి కూడా అక్కడికే ఎందుకు వెళ్తున్నానంటే సాయంత్రం బ్యాచ్ కోచ్ వల్ల. విజయనగరం వైపు అమ్మాయి, వెయిట్‌లిఫ్టింగ్ నుంచి వచ్చింది. మెషిన్ చీటీ అడగనే లేదు. “కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవగలరా మేడమ్?” అని అడిగింది. తర్వాత చీపురు కర్ర ఒకటి తెచ్చి నా వీపు మీద నిలువుగా పెట్టింది. తల వెనక, వీపు మధ్యన, నడుము కింద, మూడుచోట్లా కర్ర తగులుతూ ఉండగానే తుంటిని వెనక్కి నెట్టి వంగాలి. నడుము గుండ్రమైతే కర్ర ఎడంగా వచ్చేస్తుంది. అది వచ్చేదాకా ఇనుము ముట్టనివ్వలేదు. అరవై దాటిన ఒకావిడకీ అంతే ఓపికగా నేర్పింది: “అమ్మా, వంగేది నడుము కాదు, తుంటి.” ఇప్పుడు ఆవిడ బియ్యం బస్తా జరపడానికి కొడుకుని పిలవడం లేదట.

గోడ మీద సన్నటి మోడల్ పోస్టర్ల మధ్య ఆ అమ్మాయి అంటించిన కరణం మల్లీశ్వరి ఫోటో ఉంది. మన శ్రీకాకుళం ఆడపిల్ల, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల లిఫ్టుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. పోటీ చేసింది 69 కిలోల ఒంటి బరువు విభాగంలో. 71 కిలోలున్నానని తల వంచుకుని వచ్చే వాళ్ళకి కోచ్ ముందు ఆ ఫోటోనే చూపిస్తుంది.

తిండి విషయంలోనూ ఆమె పొడులు అమ్మదు. కంచంలో పప్పు, గుడ్డు, కానాగంత చేపల పులుసు ముందు పెట్టుకుని, అన్నం తర్వాత వడ్డించుకోమంది. ఆరేడు నెలలకు నా బరువు 67కి, నడుము 85కి, హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చాయి. మోకాలి నొప్పి తగ్గింది.

ప్యాకేజీ లేకుండా నెలకు 1,800 రూపాయలు. సాయంత్రం బ్యాచ్ అడగండి, పొద్దుటి బ్యాచ్‌లో నేర్పేవాళ్ళు తక్కువ. ఫోటోలు వద్దని చేరే ఫారం మీదే రాసి సంతకం పెట్టండి. బట్టలు మార్చుకునే గదికి గొళ్ళెం ఇప్పటికీ సరిగ్గా పడదు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. కోచ్‌కి ఐదుకి ఐదు, కౌంటర్‌కి ఒకటి.