మారతహళ్లి విండోస్ సిస్టమ్ ప్రోగ్రామింగ్ వీకెండ్ బ్యాచ్: పాత్‌ల క్లాసు కోసమైనా చేరండి

బెంగళూరు మారతహళ్లిలో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు, బ్రిడ్జి దిగితే చాలు జావా, టెస్టింగ్, క్లౌడ్ అని బోర్డుల మీద బోర్డులు. విండోస్ లోపల ఏం జరుగుతుందో కోడ్ రాయించి మరీ చెప్పేవాళ్లు మాత్రం దొరకడం కష్టం, అందుకే ఇక్కడ చేరాను. సార్‌ది అనంతపురం. బ్యాచ్‌లో సగానికి పైగా మనవాళ్లే కాబట్టి క్లాసు ఇంగ్లీషులో మొదలైనా డౌట్లు తెలుగులోకి వచ్చేస్తాయి, మిగతావాళ్ల కోసం అదే మళ్లీ ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్తారు.

థ్రెడ్లు, మెమరీ క్లాసులు బాగానే ఉన్నాయి, అవి వేరే చోట కూడా దొరుకుతాయి. షార్ట్ పాత్‌ని (ఫైలు ఉన్న చోటుని విండోస్ కుదించిన పొట్టి పేర్లతో చెప్పే దారి) లాంగ్ పాత్‌గా (అదే దారి అసలు పూర్తి పేర్లతో) మార్చడం మీద ఒక పూట మొత్తం పెట్టడం నేను ఇక్కడే చూశాను.

సార్ థియరీతో మొదలుపెట్టలేదు. ఒక ఫోల్డర్‌లో వెంకటసుబ్బారావు, వెంకటరమణ అని ఇంగ్లీషు స్పెల్లింగుతో రెండు ఫోల్డర్లు పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో డిర్ కమాండ్‌కి స్లాష్ ఎక్స్ తగిలించి వాటి పొట్టి పేర్లు చూపించారు. ముందు పుట్టినదానికి వెంకట~1, తర్వాతదానికి వెంకట~2. ఇంకో చోట అవే పేర్లని వరుస తిప్పి సృష్టిస్తే నంబర్లు కూడా తిరగబడ్డాయి. అలాంటి పేర్లు ఇంకా పెంచుతూ పోతే, నాలుగు దాటాక ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్క్ మీద ఫైళ్లని పెట్టే విండోస్ ఫైల్ సిస్టమ్) మొదటి రెండు అక్షరాలు మాత్రం ఉంచి మధ్యలో హెక్సా అంకెలు పెట్టేసింది. అంటే ~1 చూసి అది ఏ ఫోల్డరో ఊహించడం కుదరదు, ఫైల్ సిస్టమ్‌నే అడగాలి. క్లాసంతా దీని చుట్టూనే నడిచింది.

ఎంఎస్ డాస్ కాలంలో పేరుకి 8, ఎక్స్‌టెన్షన్‌కి 3 అక్షరాలే, 1995లో విండోస్ 95తో పొడుగు పేర్లు వచ్చినా పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని పొట్టి పేరు కూడా పక్కనే ఉంచారు. ఇప్పటికీ యూజర్ పేరు పొడుగ్గా ఉంటే టెంప్ ఫోల్డర్ (తాత్కాలిక ఫైళ్లు పెట్టేది) పాత్ చాలాసార్లు పొట్టి రూపంలోనే వస్తుంది, మన పేర్ల పొడుగు తెలిసిందే కదా. అప్పుడు ప్రోగ్రాం రెండు పాత్‌లని స్ట్రింగులుగా పోలిస్తే ఒకే ఫైలు రెండు వేర్వేరు ఫైళ్లలా కనిపిస్తుంది. ఒక ఫోల్డర్‌లోకి వెళ్లకుండా పేరు చూసి ఆపే చెక్ రాసినా, పొట్టి పేరుతో వస్తే అది దాటిపోతుంది.

ఈ మార్పిడి చేసిపెట్టే గెట్ లాంగ్ పాత్ నేమ్ అనే విండోస్ ఫంక్షన్ ఉంది కదా అని వెంటనే అక్కడికి దూకలేదు. అది విండోస్ 98, 2000 నుంచి వచ్చింది, అంతకు ముందు ఎలా చేసేవాళ్లో అలాగే మాతో రాయించారు: పాత్‌ని బ్యాక్‌స్లాష్ దగ్గర ముక్కలు చేసి, డ్రైవ్‌ని అలాగే ఉంచి, ఒక్కో ముక్కకి ఫైలుని పేరుతో వెతికే ఫైండ్ ఫస్ట్ ఫైల్ ఫంక్షన్‌ని పిలిచి, అది ఇచ్చిన అసలు పేరు తీసుకుని కలుపుకుంటూ పోవడం, ఆ వెతుకులాటకి విండోస్ ఇచ్చిన హ్యాండిల్ (తెరిచినదాన్ని గుర్తుపట్టే టోకెన్ లాంటిది) మూయడం. నెట్‌వర్క్ పాత్ అయితే సర్వర్, షేర్ పేర్లని ముట్టుకోకూడదు. ఇది చేత్తో రాశాక ఆ ఫంక్షన్ గుణాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఫైలు డిస్క్ మీద లేకపోతే ఎందుకు ఫెయిలవుతుంది? వెతకడానికి ఏమీ లేదు కాబట్టి. ఇంకా పుట్టని ఫైలు అయితే పేరెంట్ ఫోల్డర్‌ని మార్చి చివర పేరు అతికించుకోవాలి. గెట్ ఫుల్ పాత్ నేమ్ అనే ఇంకో ఫంక్షన్ మాత్రం డిస్క్ వైపు చూడనే చూడదు, పాత్‌ని పూర్తి చేస్తుంది గానీ ~1 ఉంటే అలాగే వదిలేస్తుంది.

బఫర్ (ఫంక్షన్ జవాబు రాయడానికి మనం ఇచ్చే మెమరీ) విషయం బోర్డు మీద చాలా సేపు సాగింది. గెట్ లాంగ్ పాత్ నేమ్ నుంచి సున్నా వస్తే ఫెయిల్, బఫర్ సరిపోతే చివరి నల్ (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే గుర్తు) కలపని పొడవు, సరిపోకపోతే నల్‌తో కలిపి ఎంత కావాలో ఆ సైజు. సైజు అడిగి, మళ్లీ పిలిచేలోపు ఎవరైనా ఫోల్డర్ పేరు మార్చేసి ఆ సైజు చాలకుండా పోతే? అందుకే లూప్‌లో పెట్టమన్నారు. ఇంత జాగ్రత్తగా చెప్పే మాస్టారు దొరకడం నిజంగా అదృష్టం.

లోటు లేకపోలేదు. పర్మిషన్ల భాగం పరుగు పరుగున అయిపోయింది. ఫైలు తెరిచే హక్కు ఉన్నా పై ఫోల్డర్‌ని చదివే హక్కు లేకపోతే ఈ మార్పిడి ఫెయిలవ్వచ్చు, ఆఫీసు మెషీన్లలో టెన్షన్ పెట్టేది ఇదే, దీన్ని చేసి చూపించాల్సింది. ప్రొజెక్టర్ వెలుగు కూడా తక్కువ, వెనక బెంచీ నుంచి ~ గుర్తు డాష్‌లా కనపడుతుంది, ఈ క్లాసులో అది చిన్న విషయం కాదు, ముందే వచ్చి ముందు వరసలో కూర్చోండి. ఫీజు ఎక్కువే అయినా రెండు వాయిదాల్లో కట్టనిస్తారు.

సార్, ఇది చదివితే ఒక్క మాట. విండోస్ విస్టా నుంచి ఉన్న గెట్ ఫైనల్ పాత్ నేమ్ బై హ్యాండిల్ ఫంక్షన్‌ని పేరు చెప్పి వదిలేశారు. తెరిచిన హ్యాండిల్ నుంచే అసలు పాత్ తీసుకోవచ్చు, సింబాలిక్ లింకులు (వేరే ఫైలు వైపో ఫోల్డర్ వైపో చూపించేవి) కూడా విప్పుకుని వస్తుంది. వచ్చే బ్యాచ్‌కి దాని మీద ఇంకో గంట పెట్టండి, పాత బ్యాచ్ వాళ్లం కూడా వచ్చి కూర్చుంటాం.