బందరు నుంచి మోటుపల్లి దాకా: అద్దె కారులో ఇద్దరి తీరయాత్ర

దంపతుల కోసమంటూ బెజవాడలోని ఒక ట్రావెల్స్ వారు డ్రైవరుతో సహా కారు ఇచ్చి నడుపుతున్న రెండు రోజుల తీరయాత్రకు ఈ చలికాలంలో మావారూ నేనూ వెళ్ళి వచ్చాము. కారు విషయంలోనూ, డ్రైవరు గారి విషయంలోనూ నాకు ఫిర్యాదు లేదు. యాత్రను కూర్చిన తీరు మీద మాత్రం గట్టి అభ్యంతరమే ఉంది. మన కోస్తాకు అసలైన సొత్తు ఆ పాత రేవు పట్టణాలు. ఈ ప్యాకేజీలో వాటిని టీ తాగడానికి ఆగే మజిలీలుగా మార్చి, పొద్దంతా బీచులకే కేటాయించారు.

కారు చెప్పిన వేళకే ఇంటి ముందుకు వచ్చింది. లోపల శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది. డ్రైవరు గారు వయసులో పెద్దవారు. వడ్ల ట్రాక్టర్లు వరుసగా ఎదురయ్యే 216వ నంబరు జాతీయ రహదారి మీద కూడా తొందర పడకుండా, హారను మోత లేకుండా నడిపారు. ఎక్కడ ఆపమన్నా విసుక్కోలేదు. భార్యాభర్తలు వెనుక సీట్లో కూర్చుని నింపాదిగా మాట్లాడుకుంటూ వెళ్ళడానికి ఇంతకంటే ఏం కావాలి?

బెజవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి వర్తకం సాగించిన రేవు అది. 1864 నవంబరు 1 నాటి తుపానులో ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకున్న ఊరు కూడా అదే. ప్యాకేజీలో దీనికి ఇచ్చినది లడ్డూలు కొనుక్కునేంత సమయం మాత్రమే. మేము పట్టుబట్టి డచ్చివారి సమాధుల దగ్గరకు వెళ్ళాము. రాతి పలకల మీద చెక్కిన వంశచిహ్నాలు, అక్షరాల అంచులు ఇప్పటికీ వేలికి తగిలేంత స్పష్టంగా ఉన్నాయి. అక్కడి నుంచి దగ్గరలోని పెడనకు కూడా వెళ్ళాము. కలంకారీ అద్దకం పనివారు టేకు అచ్చును రంగులో అద్ది, కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది తీస్తారు. పక్క అచ్చు గీతకు గీత కలిసేలా పడుతుంది. నలుపు రంగును బెల్లంతో, తుప్పు పట్టిన ఇనుముతో ఊరబెట్టి తయారుచేస్తారు. ఇంత పని కళ్ళారా చూశాక చీర బేరమాడటానికి నాకు నోరు రాలేదు.

పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె మీదుగా బాపట్ల చేరేసరికి సాయంత్రమైంది. ఆ రాత్రి బస బాగుంది, భోజనం సాధారణంగా ఉంది. సూర్యలంక బీచి విశాలమైనదే, కాదనను. అయితే సెలవు రోజుల్లో గుంటూరు, బెజవాడల జనమంతా అక్కడే ఉంటారు గనుక ఏకాంతం కోరుకునే జంటలు మామూలు రోజుల్లో వెళ్ళడం మంచిది.

రెండవ రోజు చీరాలలో ఓడరేవు బీచి చూపించి వెనక్కి తిప్పాలన్నది వారి ప్రణాళిక. మున్సిపాలిటీ పన్నుల భారానికి నిరసనగా 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళు వదిలి ఊరి వెలుపల గుడిసెలు వేసుకుని నెలల తరబడి నిలిచిన చీరాల–పేరాల ఇదేనన్న మాట వారి కరపత్రంలో ఎక్కడా లేదు. పక్కనే వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం గురించీ లేదు.

చీరాలకు దగ్గరలోని పాత రేవు మోటుపల్లి వెళ్దామన్నప్పుడు డ్రైవరు గారు, “అక్కడ చూడ్డానికి ఏముంది మేడం, పాత గుడి తప్ప?” అన్నారు. ఆ గుడి కోసమే వెళ్దామన్నాము. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఆ వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభం మీదే ఉంది. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే పూర్వపు రాజులు దాన్నంతా లాక్కునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. ఆ సుంకం ముప్పయ్యో వంతు. తరువాత మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి పేరుతో ప్రస్తావించి, ఇక్కడి సన్నని బట్టలను మెచ్చుకున్నాడు. మావారు ఇదంతా చెబుతుంటే డ్రైవరు గారు కూడా చెప్పులు విడిచి లోపలికి వచ్చి, స్తంభం చుట్టూ తిరిగి శ్రద్ధగా చూశారు. ఇన్నేళ్ళుగా ఈ దారిలో బండి నడుపుతున్న మనిషికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత ఆ ట్రావెల్స్ వారిది కాదా?

ఇక బిల్లు. వీరు రోజుకు కనీసం 300 కిలోమీటర్ల లెక్క కడతారు. డ్రైవరు బత్తా, టోలు అదనం. మేము తిరిగినదంతా కలిపినా 400 కిలోమీటర్ల లోపే అయినప్పుడు, 600 కిలోమీటర్లకు డబ్బు కట్టడం నష్టమే. తీరం వెంట ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఇటువంటి యాత్రకు గంటల లెక్కన బేరం కుదుర్చుకోవడం మేలు. చూడదలచిన ఊళ్ళ పేర్లు కూడా ముందే రాయించుకోవాలి. పైగా మోటుపల్లి వారి ప్రణాళికలో లేని ప్రయాణమంటూ బిల్లులో మరికొంత వేశారు. మీటరు రీడింగు చూపించి అడిగితే వాదించకుండా దాన్ని తీసివేశారు, అది మెచ్చుకోదగినదే. పెడన, వేటపాలెం, మోటుపల్లిని ప్రణాళికలో చేర్చమని వారికి ఉత్తరం రాసి ఇచ్చాను. చేరిస్తే సంక్రాంతి తరువాత మా అక్కయ్యనూ బావగారినీ ఇదే కారులో, ఇదే డ్రైవరు గారితో పంపాలని ఉంది.